పిలుపులు ఎక్కువ, ఆదివారాలు తక్కువ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్తీక వనభోజనాలు అయ్యాయో లేదో డిసెంబర్ పార్టీలు, అవి ముగిసేలోపే సంక్రాంతి ప్రయాణాలు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వీటి గురించే. అన్నీ చదివాక నాకు అనిపించింది ఒకటే. స్నేహితులతో గడపడం ఎవరికీ కష్టంగా లేదు, డబ్బు గురించో, తాగుడు గురించో, రాత్రి బండి ఎవరు నడుపుతారన్న దాని గురించో ముందే నోరు విప్పి మాట్లాడుకోకపోవడం వల్లే గొడవలన్నీ వస్తున్నాయి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, పీజీలో ఉంటాను. డిసెంబర్ మూడో వారం నుంచి ఆఫీసులో టీమ్ లంచ్, సీక్రెట్ శాంటా, తర్వాత ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ గెట్ టుగెదర్, పీజీ అమ్మాయిల క్రిస్మస్ పార్టీ, 31 రాత్రి రిసార్ట్, కొత్త సంవత్సరం రాగానే నుమాయిష్. కాదనలేక అన్నిటికీ సరేనన్నాను. పోయినేడాది ఇలాగే తిరిగితే క్రెడిట్ కార్డు బిల్లు చూసి ఏడుపొచ్చింది, పైగా జ్వరం. వెళ్లకపోతే దూరం పెట్టేస్తారేమోనని టెన్షన్. (హైదరాబాద్)

జవాబు: ముందు ఈ పిలుపులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. టీమ్ లంచ్ ఆఫీసు టైమ్‌లో, ఆఫీసు డబ్బుతో జరిగేది, హాయిగా వెళ్లి రండి. సీక్రెట్ శాంటా బహుమతికి ఇంత లోపు అని ఒక మొత్తం అనుకుంటారు కదా, అనుకోకపోతే మీరే అడిగి పెట్టించండి, మీలాగే మనసులో లెక్కలేసుకుంటున్న వాళ్లు ఆ టీమ్‌లో ఇంకా ఉంటారు. నుమాయిష్ గురించైతే అసలు కంగారే అక్కర్లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నాటి నుంచి అది మన హైదరాబాద్ వాళ్ల ఇంటి పండగ లాంటిది. మొదటి వారంలోనే వెళ్లి ఆ తొక్కిసలాటలో మిర్చి బజ్జీ కోసం నిలబడాల్సిన పని లేదు. జనవరి ఆఖర్లో ఏ మంగళవారం సాయంత్రమో మెట్రోలో వెళ్తే స్టాళ్లన్నీ తీరిగ్గా తిరగొచ్చు, బేరాలూ బాగా కుదురుతాయి. ఆ మాట గ్రూప్‌లో ఇవాళే పెట్టండి.

ఇక మిగిలినవి మూడు. ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ బెంగళూరు నుంచో పుణే నుంచో ఏడాదికొకసారి వస్తారు కాబట్టి నేనైతే దాన్ని వదులుకోను. పీజీ పార్టీ మీరుండే చోటే, అంతా కలిపి ఒక సాయంత్రం. ఎటొచ్చీ 31 రాత్రి రిసార్టే ఖర్చుది, అలసటది. టికెట్‌లో భోజనం ఉందా, రానూపోనూ ఎలా, రాత్రికి గది ఉందా అని అడిగితే అసలు ఖర్చు ఎంతో బయటపడుతుంది. ఆ రాత్రి మీకు నిజంగా వెళ్లాలని ఉంటే వెళ్లండి, లేకపోతే ఇప్పుడే చెప్పేయండి. ఇప్పుడే అని ఎందుకంటున్నానంటే, రానన్నందుకు ఎవరూ అంతగా బాధపడరు, వస్తానని చెప్పి అడ్వాన్స్ కట్టించి ఆ రోజు పొద్దున్న హ్యాండిచ్చిన వాళ్ల మీద కోపం ఏళ్ల తరబడి ఉంటుంది. ఒంట్లో బాగాలేదని అబద్ధం కూడా ఆడకండి, రెండ్రోజుల్లో ఎవరి స్టేటస్‌లోనో దొరికిపోతారు. "ఈసారి 31కి నేను రావట్లేదే, బడ్జెట్ లేదు, జనవరి రెండో ఆదివారం పొద్దున టిఫిన్‌కి కలుద్దాం, నేనే పిలుస్తున్నా" అని తేదీతో సహా చెప్పండి. తేదీ చెబితే తప్పించుకుంటున్నారని ఎవరూ అనుకోరు.

డబ్బు విషయానికొస్తే, ఈ నెల పార్టీలకి ఇంత అనుకుని ఆ మొత్తాన్ని వేరే అకౌంట్లో వేసి అందులోంచే ఫోన్‌పే చేయండి. క్రెడిట్ కార్డు సంచిలోకి రానీయొద్దు. దూరం పెడతారన్న భయం గురించి ఒక్క మాట: మీకు జ్వరం వచ్చినప్పుడు గదికొచ్చి జావ కాచి ఇచ్చింది ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల పిలుపుకి ముందు తేదీ ఇవ్వండి.

ప్రశ్న: మేం ఏడుగురు ఫ్రెండ్స్. నేను, ఇంకొకడు తాగం. కానీ ప్రతిసారీ బిల్లు ఏడు భాగాలే. బిర్యానీ, లైమ్ సోడా తీసుకున్న నాకు, నాలుగు పెగ్గులు వేసినవాడికి ఒకటే వాటా. చెబితే పిసినారి అంటారని ఊరుకుంటున్నా. (విశాఖపట్నం)

జవాబు: ఇది పిసినారితనం కాదు తమ్ముడూ, న్యాయమైన మాట. కాకపోతే చెప్పాల్సిన చోటు బిల్లొచ్చిన టేబుల్ కాదు. ఈ కలయికలన్నీ ఎవరో ఒకరు ముందుండి నడిపిస్తారు కదా, అతనికి ముందు రోజు ఫోన్ చేసి "రేపు మందు బిల్లు వేరే తీయిద్దాం రా, ఫుడ్ అందరం పంచుకుందాం" అనండి. అంతమందిలో అంటే నవ్వులాటకి పోతుంది, ఒక్కడికే చెబితే ఆలోచిస్తాడు. కూర్చోగానే వెయిటర్‌కి చెబితే రెండు బిల్లులు తేవడం వాళ్లకి పెద్ద పనేం కాదు. మద్యం జీఎస్టీ కిందికి రాదు, మామూలు రెస్టారెంట్లలో ఫుడ్ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, అంటే ఎలాగూ ఆ రెండిటినీ విడివిడిగానే లెక్క కట్టాలి.

బిల్లులో సర్వీస్ చార్జ్ అని ఉంటే అదీ చూసుకోండి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటినే సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, తీయకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి ఏమన్నా ఇవ్వాలనిపిస్తే అతని చేతిలోనే పెట్టండి, అది వేరే సంగతి.

అయితే స్టార్టర్ల దగ్గర మాత్రం ముక్కలు లెక్కపెట్టొద్దు. వాళ్లు మందుతో పాటు రెండు ప్లేట్లు ఎక్కువ తిన్నారు, నేను ఒకటే తిన్నాను అనుకుంటే ఇక కలవడంలో అర్థం లేదు. అలాగే మీ ఏడుగురిలో ఎవరికైనా ఉద్యోగం పోయో జీతం ఆగిపోయో ఉంటే, అతను రాకుండా ఏదో సాకు చెప్పే ముందే ఖర్చు తక్కువయ్యే చోటు పెట్టండి. పేరుపెట్టి జాలిపడకండి, చోటు మార్చండి చాలు. నాలుగు రోజుల టూర్‌కి వెళ్తే మొదటి రోజే అందరూ సమానంగా ఒకడి దగ్గర డబ్బు వేసి, వాడు ఏ పూటకి ఆ పూట గ్రూప్‌లో ఖర్చు రాసి, ఇంటికి చేరిన రాత్రే లెక్క తేల్చుకోవాలి. వారం ఆగితే టోల్ డబ్బులు ఎవరిచ్చారో ఎవరికీ గుర్తుండదు, అక్కడే మనసులు పాడవుతాయి.

ప్రశ్న: మా డిగ్రీ బ్యాచ్‌లో ఒకడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఇబ్బంది పడతాడేమోనని గెట్ టుగెదర్‌కి పిలవలేదు. ఫొటోలు చూశాడు, అప్పట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు. మంచికే చేశాం కదా? (వరంగల్)

జవాబు: మంచికే అనుకున్నారు, కానీ వచ్చేదీ రానిదీ అతను చెప్పాలి, అతని తరఫున మీరే తేల్చేశారు. తాగే చోటికి మాలలో ఉన్న స్వామి ఎలాగూ రాడు, అయినా "నువ్వు రాలేవని తెలుసు, పొద్దున పూట ఒక గంట కలుద్దామా" అని ఒక్కడు అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఫోన్లు కట్టిపెట్టి ఇంటికో పీఠానికో వెళ్లి కలవండి. 41 రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, నేల మీద పడక, మధ్యాహ్నం ఒక్క పూట భిక్ష. ఇంత నిష్ఠలో ఉన్న మనిషికి పలకరించే స్నేహితుడు కావాలి.

మీలో పెళ్లయి ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఉంటే భిక్షకి పిలవండి. ఊరికే కూర వండి పెట్టడం కాదు, ఇల్లు శుభ్రం చేసి, తలస్నానం చేసి మడిగా వండాలి, ఉల్లి వెల్లుల్లి లాంటివి వేయొచ్చా లేదా అన్నది వాళ్ల గురుస్వామి పద్ధతిని బట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. అరిటాకులో వడ్డిస్తారు, అందరూ శరణుఘోష చెప్పాకే చెయ్యి పెడతారు. రూముల్లో ఉండే బ్యాచిలర్లైతే భిక్ష జోలికి పోకుండా పడిపూజకి వెళ్లండి. పద్దెనిమిది మెట్లూ పూలతో అలంకరించి, మెట్టు మెట్టుకీ కర్పూరం వెలిగిస్తుంటే, భజన హోరులో మీరంతా వెనక వరసలో నిలబడి ఉండటం అతను చూస్తాడు. జనవరి 14 మకరజ్యోతి చూసుకుని, మాల తీసేసి అరవణ ప్రసాదం డబ్బాతో తిరిగొచ్చాక అందరూ మళ్లీ కలవండి, ఆ కలయికకి తేదీ మాత్రం అతన్నే చెప్పమనండి.

ప్రశ్న: మేం అయిదుగురం టీచర్లం. జనవరి మొదటి శని, ఆదివారాల్లో అరకు, వంజంగి, లంబసింగి మూడూ చూసి రావాలని ప్లాన్. ఇంట్లోవాళ్లు ఆడవాళ్లే వెళ్తారా అని భయపడుతున్నారు. ఎలా వెళ్తే బాగుంటుంది? (విజయవాడ)

జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ మూడూ రెండు రోజుల్లో వద్దు. అరకు, పాడేరు ఒక వైపు, లంబసింగి చింతపల్లి మండలంలో, నర్సీపట్నం దారిలో. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి, ఘాట్ రోడ్ల మీద పొద్దంతా కారులోనే గడిచిపోతుంది. లంబసింగిని ఇంకో ఏడాదికి దాచుకోండి.

శుక్రవారం రాత్రికి విశాఖ చేరి, శనివారం పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కండి. దానికి అద్దాల విస్టాడోమ్ బోగీలు ఉన్నాయి, సీజన్లో వాటికి గిరాకీ ఎక్కువ కాబట్టి రిజర్వేషన్ తెరిచిన రోజే చూసుకోవాలి. ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు తెరుస్తారు. అవి దొరక్కపోతే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా అందం ఎక్కడికీ పోదు. సొరంగంలోకి వెళ్లగానే పిల్లలంతా కేకలేస్తారు, బయటికి రాగానే పక్కన లోయ. ఈ రైల్లో వెళ్లేవాళ్లు చాలామంది అరకు దాకా కూర్చుంటారు, మీరు బొర్రా గుహలు స్టేషన్లోనే దిగండి. గుహలు చూసుకుని, అక్కడ జీపు మాట్లాడుకుని అనంతగిరి కాఫీ తోటల మీదుగా, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగి అరకు వెళ్లొచ్చు. జీపుకి ఎంతో, ఎక్కడెక్కడ ఆపుతాడో ఎక్కే ముందే తేల్చుకోండి. పసుపు రంగు వలిసె పూల తోటల ఫొటోలు చూసి వెళ్తున్నారేమో, అవి ప్రధానంగా నవంబర్, డిసెంబర్‌లో పూస్తాయి, జనవరికి చాలా చోట్ల కోతలు అయిపోతాయి. ఆశ పెట్టుకోవద్దు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట సాయంత్రంలోపు చూడొచ్చు, బొంగులో చికెన్ మాత్రం మీ కళ్ల ముందు నిప్పుల్లోంచి తీసి పగలగొట్టి పెట్టే దగ్గరే తినండి.

రాత్రి పాడేరులో బస చేయండి, వంజంగి కొండకి అదే దగ్గర. సూర్యోదయానికి ముందే పైన ఉండాలి కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికల్లా కదలాలి, సెలవుల్లో కింద బళ్లు బారులు తీరతాయి, ఇంకాస్త ముందైనా తప్పులేదు. ఆఖరి భాగం నడకే. పట్టున్న బూట్లు, టార్చ్, స్వెట్టర్, చెవులకి మఫ్లర్ ఉండాలి. పైన టాయిలెట్ సౌకర్యం మీద ఆధారపడొద్దు, అది ఆడవాళ్లకి ముందుగా తెలియాల్సిన సంగతి. మబ్బుల సముద్రం రోజూ కనిపించదు, రాత్రి వాన పడినా గాలి ఎక్కువైనా అంతా తెల్లటి పొగే మిగులుతుంది, అలాంటప్పుడు నిరాశపడి ఎవరి మీదా చిరాకుపడొద్దు. నాకు ఆ కొండ మీద నచ్చనిది ఒక్కటే, తెల్లవారకుండానే స్పీకర్లలో పాటలు మోగించే గుంపులు. ఆ కింద ఊళ్లున్నాయి, మనుషులు నిద్రపోతుంటారు. ప్లాస్టిక్ సీసాలు మీ సంచిలోనే కిందికి తెచ్చేయండి, అక్కడి ఆడవాళ్లనీ పిల్లలనీ అడక్కుండా ఫొటోలు తీయొద్దు.

ఇంట్లోవాళ్ల భయానికి మాటలతో సమాధానం చెప్పే కన్నా కాగితం మీద చెప్పడం మేలు. రైలు టికెట్, బస చేసే చోటు ఫోన్ నంబరు, డ్రైవర్ పేరు, బండి నంబరు గ్రూప్‌లో పెట్టండి. మధ్యలో సిగ్నల్ ఉండదని ముందే చెబితే వాళ్లు కంగారుపడరు. తెలిసిన డ్రైవర్ అయితే మంచిది. ఆదివారం చీకటి పడక ముందే ఘాట్ దిగేయాలి, పొగమంచులో ఆ మలుపులు అలవాటున్నవాళ్లకే కష్టం. ఇదంతా తలనొప్పి అనుకుంటే పర్యాటక శాఖ వాళ్ల అరకు ప్యాకేజీలు విశాఖ నుంచే ఉంటాయి, వాటిలోనైనా వెళ్లండి గానీ మానుకోవద్దు.

ప్రశ్న: అమెరికా వచ్చి రెండేళ్లయింది. థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా ప్రతి వీకెండ్ ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ఒకసారి నా గారెలు బాగున్నాయన్నారు, అప్పట్నుంచి ప్రతిసారీ నా పేరెదురుగా గారెలే. 40 మందికి రుబ్బి, వేయించి, అపార్ట్‌మెంట్‌లో పొగకి అలారం మోగి, పార్టీకెళ్లేసరికి నాకు తినాలని కూడా ఉండదు. మావారు "అడుగుతున్నారంటే ఇష్టమేగా" అంటారు. (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: చదువుతుంటేనే నడుం నొప్పి పుట్టిందమ్మా. మినప్పప్పు రాత్రి నానబెట్టడం, బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా రుబ్బడం, చేతికి తడి చేసుకుంటూ చిల్లు పెట్టి ఒక్కొక్కటీ నూనెలో వేయడం, ఇంత చేసి అల్యూమినియం ట్రేలో సర్ది ఫాయిల్ మూసేసరికి కరకరలాడాల్సినవి మెత్తబడతాయి, ఆ దిగులొకటి. అయిదుగురికి చేస్తే గారెలు పండగే, 40 మందికి చేస్తే క్యాటరింగ్ పని. దానికి మనుషులు డబ్బు తీసుకుంటారు.

వచ్చేసారి లిస్టు గ్రూప్‌లో పడిన వెంటనే, ఎవరూ మీ పేరు రాయకముందే, "నేను దద్దోజనం" అని రాసేయండి. ఎవరైనా గారెలో అంటే "ఈ సీజన్‌కి వేపుళ్లు మానేశాను, మీ ఇంటికొచ్చి ఎలా రుబ్బాలో చూపిస్తా" అనండి. నవ్వుతూనే, కానీ ఖాయంగా. మరీ పట్టుబడితే తలా కొంత వేసుకుని రెస్టారెంట్ నుంచి ట్రే తెప్పించుకోమనండి, అక్కడ మన హోటళ్లు బోలెడున్నాయి.

మీవారి సంగతి వేరేగా మాట్లాడాలి. అందరి మెప్పూ ఆయనకి బాగానే వినిపిస్తోంది, వంటింట్లో మీరు నిలబడ్డ గంటలు కనిపించట్లేదు. ఒక్క శనివారం పప్పు ఆయన్నే కడిగి రుబ్బమనండి, వేపుడు మీరు చేయండి, కోపంతో కాదు, పక్కపక్కనే నిలబడి. ఇంకో మాట కూడా. ఈ పాట్‌లక్‌లలో ఆడవాళ్లు వంటింటి ద్వీపం చుట్టూ, మగవాళ్లు టీవీ ముందు, పిల్లలు బేస్‌మెంట్‌లోనో పై గదిలోనో, మూడు గుంపులుగా గడిచిపోతుంటుంది. దేశంకాని దేశంలో రెండేళ్లలో మీకు నిజంగా దగ్గరైనవాళ్లు ఒకరిద్దరుంటారు. నలభై మందిలో ఒక వీకెండ్ తగ్గించుకుని ఆ ఇద్దరినీ టీకి పిలవండి, మరమరాల మిక్చర్ చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి 19, హైదరాబాద్‌లో బీటెక్. 31 రాత్రి ఫ్రెండ్స్‌తో పార్టీ అంటున్నాడు. వద్దంటే అబద్ధం చెప్పి వెళ్తాడు, వెళ్లమంటే నాకు నిద్ర పట్టదు. (నంద్యాల)

జవాబు: మీరన్నదే నిజం, గట్టిగా వద్దంటే వెళ్లడం ఆగదు, చెప్పడం ఆగిపోతుంది. కాబట్టి అతన్ని కూర్చోబెట్టి తెలియాల్సినవి తెలియజేయండి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మద్యం తాగడానికి 21 నిండాలి, అతనికి ఇంకా లేవు. బండి నడిపేవాళ్లకి వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి అక్కడే లాక్కుంటారు, కోర్టుకి తిరగాలి. క్యాంపస్ ఇంటర్వ్యూలకి సిద్ధమయ్యే కుర్రాడికి ఈ మాట బాగానే ఎక్కుతుంది.

ఆ రాత్రి హైదరాబాద్‌లో చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆంక్షలుంటాయి, ఎక్కడికక్కడ తనిఖీలు, క్యాబ్ దొరకదు, దొరికినా చార్జీ రెండింతలు మూడింతలు. ఈ మధ్య ఏళ్లలో మెట్రో అర్ధరాత్రి దాటేదాకా నడుపుతున్నారు, ఆఖరి రైలు టైమ్ ముందుగా ప్రకటిస్తారు, అది చూసుకోమనండి. అన్నిటికన్నా మంచిది, పార్టీ జరిగే ఫ్రెండ్ ఇంట్లోనే పడుకుని తెల్లారాక రావడం. రాత్రి ఒంటిగంటకి ముగ్గురు ఒక బైక్ మీద రావడమే మనం ఆపాల్సింది.

ఎవరింట్లో, ఎవరెవరు, తిరిగి ఎలా అన్న మూడూ అడగండి. ఇంకొకటి, ఇది ముఖ్యం: "ఎంత రాత్రైనా ఏదన్నా అయితే నాకు ఫోన్ చేయి, ఆ రాత్రి ఒక్క మాట కూడా అనను" అని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. తాగి పడిపోయిన ఫ్రెండ్‌ని పిల్లలు భయపడి గదిలో వదిలేసి తలుపేస్తారు, వాంతి గొంతుకి అడ్డుపడి ప్రాణం పోయే ప్రమాదం అక్కడే. పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, ఒంటరిగా వదలకూడదని, లేపినా లేవకపోతే తిట్లకి భయపడకుండా 108కి ఫోన్ చేయాలని చెప్పండి. మీ అబ్బాయి తాగకపోయినా ఆ గదిలో ఉండే ఒక్క తెలివైనవాడు అతనే కావచ్చు.

ప్రశ్న: మా కొలీగ్ క్రిస్మస్‌కి ఇంటికి రమ్మంది. మేం హిందువులం, మొదటిసారి వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి? ఎప్పుడు వెళ్లాలి? (గుంటూరు)

జవాబు: 25న పొద్దున చర్చి ఆరాధన ఉంటుంది, చాలామంది ముందు రాత్రి ఆరాధనకీ వెళ్తారు, క్యారల్స్‌తో నిద్ర లేక అలసి ఉంటారు. కాబట్టి మధ్యాహ్నం భోజనం వేళకి, ఆమె చెప్పిన టైమ్‌కే వెళ్లండి. కేక్ వాళ్లింట్లో గుట్టలుగా ఉంటుంది, మీరు పళ్లో, ఇంట్లో చేసిన స్వీటో, పిల్లలుంటే బొమ్మో పట్టుకెళ్లండి. గులాబీ పువ్వులనే పిండివంట, బిర్యానీ పెడతారు. మీ ఇంట్లో ధనుర్మాసమని మాంసం తినకపోతే రెండ్రోజుల ముందే చెప్పేయండి, వడ్డించాక చెబితే ఆ ఇల్లాలు నొచ్చుకుంటుంది. సంక్రాంతికి మీరు అరిసెలు పంపడం మరవకండి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో ఫ్రెండ్స్ గోవా అంటున్నారు. అమ్మానాన్నా కోనసీమలో ఎదురుచూస్తుంటారు. ఏడాదంతా కలవని ఫ్రెండ్స్, ఏడాదంతా చూడని ఇల్లు. ఎటు వెళ్లను? (బెంగళూరు)

జవాబు: గోవా ఫిబ్రవరిలోనూ అక్కడే ఉంటుంది, అప్పుడు గదుల అద్దెలూ కాస్త దిగొస్తాయి. సంక్రాంతికి ఇంటికే వెళ్లండి, ఆ ఫ్రెండ్స్‌లో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లండి. కనుమ రోజు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూపిస్తే వాళ్లు గోవా మాట ఎత్తరు. ఏకాదశ రుద్రుల పేరిట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభలు భుజాల మీద మోసుకొస్తారు, దారిలో వరి చేలు అడ్డొస్తే చేలలోంచే, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక పాయ నీళ్లలో దిగి మరీ దాటతాయి. రంగురంగుల నూలుతో అల్లిన అంతెత్తు ప్రభ నీళ్లలో ఒక పక్కకి ఒరుగుతుంటే గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు, పైకి లేచేసరికి చూడాలి ఆ కేకలు.

కాకపోతే మీ అమ్మగారికి ఎంతమంది వస్తున్నారో, ఎవరు ఏం తినరో వారం ముందే చెప్పండి, చాపలు, దుప్పట్లు, స్నానానికి వేణ్నీళ్లు ఆవిడ చూసుకోవాలి కదా. సరుకులకి డబ్బు మీరే ముందుగా పంపండి, అడగలేదని ఊరుకోవద్దు. భోగి పొద్దున మంట దగ్గరికి వాళ్లని కూడా లేపండి, అరిసెలు నొక్కే పనిలో కూర్చోబెట్టండి, వచ్చినవాళ్లకి పని చెబితేనే ఆ ఇల్లు వాళ్లకీ సొంతమనిపిస్తుంది. కోనసీమ లోపలికి రైలు లేదు కాబట్టి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో అమలాపురం వైపు రావాలి, ఆ రోజుల్లో బస్సులు కిటకిటలాడతాయి, కారు దొరికితే ముందే మాట్లాడి పెట్టుకోండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దలు, ఆ రోజు మిమ్మల్ని ఎవరూ బయల్దేరనివ్వరు. తిరుగు టికెట్లు ముక్కనుమ తర్వాతకే తీయండి, అవి అయిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.